సెకండ్ హ్యాండ్ హోండా సిటీ: విశాఖలో వాడేందుకు ఏ తరం కారు కొనాలి?

లాసన్స్‌బే నివాసి:

సభ్యులందరికీ నమస్కారం. 6 లక్షల రూపాయల లోపు సెకండ్ హ్యాండ్ హోండా సిటీ తీసుకోవాలని మా ఇంట్లో అనుకుంటున్నాం. మేము నలుగురం. మా నాన్నగారికి మోకాళ్ల నొప్పులు ఉన్నందువల్ల వెనుక సీట్లో కాళ్లు చాపుకునే చోటు ఉండటం మాకు అన్నిటికంటే ముఖ్యం. వారమంతా కారు సిరిపురం, జగదాంబ కూడలి వరకే తిరుగుతుంది; నెలకో రెండు నెలలకో ఒకసారి పార్వతీపురం వెళ్లి రావాల్సి ఉంటుంది. ప్రకటనలు చూస్తే 2007 నాటి కారు, 2012 నాటి కారు, 2016 నాటి కారు అన్నీ సిటీ అన్న పేరుతోనే ఉన్నాయి గానీ ధరల్లో మాత్రం పొంతన లేదు. ఈ కార్ల మధ్య అసలు తేడా ఏమిటో, సముద్రపు గాలి నేరుగా తగిలే మా వీధిలో ఏది ఎక్కువ కాలం నిలుస్తుందో అనుభవం ఉన్నవారు చెప్పాలని కోరుతున్నాను.

ఉక్కునగరం పాతకాపు:

నమస్కారం. ముందు ఏ కారు ఏ తరానిదో తెలిస్తే మిగతా విషయాలు సులభంగా అర్థమవుతాయి, ఎందుకంటే పేరు ఒకటే అయినా బాడీ, లోపలి ఏర్పాట్లు తరం మారినప్పుడల్లా మారుతూ వచ్చాయి.

జపాన్‌లో 1981లో సిటీ పేరుతో వచ్చింది సెడాన్ కాదు, ఒక చిన్న హ్యాచ్‌బ్యాక్. 1996లో ఆసియా దేశాల కోసం ప్రత్యేకంగా తయారు చేసిన నాలుగు తలుపుల సెడాన్‌కు మళ్లీ అదే పేరు పెట్టారు. మన దేశంలో హోండా సీల్ కార్స్ ఇండియా అనే ఉమ్మడి సంస్థ గ్రేటర్ నోయిడా కర్మాగారంలో దాన్ని తయారు చేసి 1998 జనవరిలో మార్కెట్లోకి తెచ్చింది. అందులో 1.3 లీటర్లు, 1.5 లీటర్ల పెట్రోలు ఇంజన్లు ఉండేవి. 2000లో చేరిన 1.5 వీటెక్ 106 హార్స్‌పవర్ శక్తినిచ్చేది. ఇంజను వేగం ఒక స్థాయి దాటగానే వాల్వులు ఎక్కువ ఎత్తు తెరుచుకుని, ఎక్కువసేపు తెరిచి ఉండేలా క్యామ్ మారడమే వీటెక్ పద్ధతి. ఆ కారును నడిపినవారు ఇప్పటికీ దాని గురించి అభిమానంగా చెప్పుకోవడానికి కారణం ఇదే.

2003 నవంబరులో వచ్చిన రెండో తరం పూర్తిగా వేరే ఆలోచనతో తయారైంది. పెట్రోలు ట్యాంకును ముందు సీట్ల కిందకు మార్చి లోపలి చోటు పెంచారు. ఐ-డీఎస్‌ఐ అనే ఇంజనులో సిలిండరుకు రెండు చొప్పున మొత్తం ఎనిమిది స్పార్క్ ప్లగ్గులు పెట్టి, శక్తిని 77 హార్స్‌పవర్‌కు తగ్గించి, మైలేజీని పెంచారు. పాత వీటెక్‌ను ఇష్టపడినవారికి అది నచ్చలేదు. కుటుంబం కోసం కారు కొనేవారికి మాత్రం బాగా నచ్చింది. అందరూ జడ్‌ఎక్స్ అని పిలిచేది 2005 తర్వాత ముఖం మార్చుకున్న ఈ తరాన్నే.

2008లో వచ్చిన మూడో తరంతో శక్తి, మైలేజీ రెండూ ఒకే కారులో కలిశాయని నా అభిప్రాయం. 1.5 లీటర్ల ఐ-వీటెక్ ఇంజను 118 పీఎస్ (హార్స్‌పవర్‌కు దాదాపు సమానమైన కొలత) శక్తినిచ్చేది. అయితే 2010 జూన్‌లో ప్రభుత్వం పెట్రోలు ధరపై నియంత్రణ ఎత్తివేసిన తర్వాత డీజిల్ కార్లకు గిరాకీ పెరిగింది. డీజిల్ లేని సిటీ కొంతకాలం వెనుకబడింది. అందుకే 2014 జనవరిలో నాలుగో తరాన్ని 1.5 లీటర్ల ఐ-డీటెక్ డీజిల్‌తో కూడా తెచ్చారు. 2017 ఫిబ్రవరిలో దాని ముఖం మారింది. 2020 జూలైలో ఐదో తరం, 2022లో హైబ్రిడ్ వచ్చాయి. 2023లో కాలుష్య నిబంధనలు కఠినం కావడంతో డీజిల్ ఆగిపోయింది.

మీ నాన్నగారి సౌకర్యం దృష్ట్యా ఒక కొలత గుర్తుంచుకోండి. ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ మధ్య దూరం రెండో తరంలో 2,450, మూడో తరంలో 2,550, నాలుగు, ఐదు తరాల్లో 2,600 మిల్లీమీటర్లు. వెనుక సీట్లో మోకాళ్ల ముందు ఉండే చోటులో ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది. 6 లక్షల్లో మీరు చూడవలసింది 2014 నుంచి 2017 మధ్య తయారైన నాలుగో తరం పెట్రోలు, మాన్యువల్ గేరు కారు.

సింహగిరి వీటెక్:

పాతకాపు గారు చెప్పిన చరిత్రకు ఒక చిన్న చేర్పు. 2000 నాటి వీటెక్‌ను నేను ఇప్పటికీ వాడుతున్నాను, సింహాచలం కొండ రోడ్డు మీద దాన్ని నడపడమంటే నాకు ఎంతో ఇష్టం. కానీ మీ అవసరానికి దాన్ని సిఫారసు చేయను. మొదటి తరం ఇంజన్లలో ఉన్నది వాల్వులను సమయానికి తెరిచే టైమింగ్ బెల్టు. అది తెగితే వాల్వులు దెబ్బతినే ప్రమాదం ఉంది కాబట్టి, ఎప్పుడు మార్చారో కాగితం మీద రుజువు లేని కారు కొంటే ముందు ఆ ఖర్చు పెట్టుకోవలసిందే. రెండో తరం నుంచి టైమింగ్ చైను వచ్చింది, దాని గురించి అంత భయపడనక్కర్లేదు. మొదటి తరం కార్లకు అద్దాల రబ్బర్లు, డాష్‌బోర్డు ముక్కలు, లైట్లు దొరకడం కూడా ఇప్పుడు కష్టమే. ఆ కారు మీద ప్రేమ ఉన్నవారు ఓపికగా వెతికి తెచ్చుకోగలరు గానీ, ఇంట్లో ఉన్న ఒక్క కారుకే అంత ఓపిక పెట్టడం కుటుంబానికి ఇబ్బంది.

రెండో తరంలో సీవీటీ (విడివిడి గేర్లు లేకుండా వేగాన్ని మార్చే) ఆటోమేటిక్ ఉన్న కార్లకు దూరంగా ఉండటం మంచిది. కారు కదిలే క్షణంలో వణుకు వస్తే దాని స్టార్ట్ క్లచ్ పని అయిపోతోందని అర్థం. సీవీటీ ఆయిలును సకాలంలో మార్చని కార్లలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది.

ఆటోనగర్ గాజువాక:

నేను డెంటింగ్, పెయింటింగ్ పని చేసేవాణ్ణి కాబట్టి ఇంజన్ల గురించి పైన చెప్పినవారికే వదిలేసి, బాడీ గురించి మాత్రం కొంచెం వివరంగా రాస్తాను. మన ఊళ్లో సిటీ ఇంజను చెడిపోయి పక్కన పడటం నేను చాలా అరుదుగా చూశాను. తుప్పు పట్టి విలువ పోగొట్టుకున్న సిటీలు మాత్రం తరచుగా మా దగ్గరకు వస్తాయి. బీచ్ రోడ్డు, పెదవాల్తేరు, లాసన్స్‌బే, రుషికొండ వైపు రాత్రంతా బయట నిలిపే కార్ల మీద ఉప్పు తేమ పేరుకుంటుంది. పగలు ఎండకు పైభాగం ఆరుతుంది గానీ, తలుపుల అడుగు అంచుల్లో, వెనుక చక్రాల పైన మడతపెట్టిన రేకు లోపల, డిక్కీ కింద తేమ ఆరదు. తుప్పు అక్కడి నుంచే మొదలవుతుంది.

కారు చూడటానికి వెళ్లినప్పుడు రంగు మెరుపు చూసి మోసపోవద్దు. వెనుక చక్రం పైన ఉన్న ఫెండర్ అంచు లోపలి వైపున చూపుడు వేలు పెట్టి ముందు నుంచి వెనక్కి నెమ్మదిగా జరపండి. నున్నగా ఉండవలసిన చోట గరుకుగా తగిలినా, పొడి రాలినా, బయటి రంగు కింద చిన్న బుడగలు కనిపించినా ఆ రేకు లోపల అప్పటికే తినేసి ఉంటుంది. తర్వాత డిక్కీలో కార్పెట్ ఎత్తి, స్టెప్నీ బయటకు తీసి, ఆ గుంట అడుగున బోల్టు చుట్టూ చూడండి. అక్కడ నీళ్లు నిలిచిన మరక గానీ, ఎర్రటి వలయం గానీ ఉంటే టెయిల్ లైట్ల రబ్బరు నుంచో, డిక్కీ మూత బీడింగ్ నుంచో వాన నీరు లోపలికి వస్తోందని అర్థం. ఒక చిన్న అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి తలుపుల అడుగు భాగంలో పెట్టి చూస్తే, పుట్టీ దట్టంగా వేసిన చోట అది పట్టుకోదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన తీరాన్ని తాకినప్పుడు చెట్లు, హోర్డింగులు, గోడలు మీద పడి నలిగిన కార్లు చాలా ఉన్నాయి. వాటిలో కొన్నిటిని బాగా చేయించుకున్నారు, కొన్నిటిని చూపులకు మాత్రమే సరిచేసి అమ్మేశారు. ఆ తేదీకి ముందే ఇక్కడ రిజిస్టరైన కారు అయితే పైకప్పును తప్పనిసరిగా చూడండి. తలుపుల రబ్బరు బీడింగ్ కొంచెం లాగితే కింద రేకుల అతుకు కనిపిస్తుంది. కంపెనీలో వేసిన వెల్డింగ్ చుక్కలు ఒకే దూరంలో, ఒకే సైజులో ఉంటాయి. తర్వాత వేసినవి ఎగుడుదిగుడుగా ఉంటాయి. నీట మునిగిన కారు అనే అనుమానం ఉంటే సీటు బెల్టును చివరి దాకా లాగండి. బయటి భాగాన్ని ఎంత కడిగినా, లోపల చుట్టుకుని ఉండే చివరి జానెడు పట్టీ మీద బురద చార మిగిలిపోతుంది.

లాసన్స్‌బే నివాసి:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. మీ మాటలు చదివాక మూడు కార్లను పక్కన పెట్టుకున్నాను. మొదటిది 2012 నాటి మూడో తరం ఆటోమేటిక్, బదిలీపై వచ్చిన నౌకాదళ ఉద్యోగి ఒకరిది, ఢిల్లీ రిజిస్ట్రేషన్. రెండోది 2015 నాటి నాలుగో తరం డీజిల్, మర్రిపాలెంలో ఉంది. మూడోది 2015 నాటి నాలుగో తరం పెట్రోలు మాన్యువల్, ఉక్కునగరం క్వార్టర్స్‌లో ఒకే యజమాని చేతిలో ఉంది. డీజిల్ కారు మైలేజీ 26 కిలోమీటర్లని ప్రకటనలో రాశారు. దూర ప్రయాణాలకు అది లాభమా?

మర్రిపాలెం:

ఆ 26 కిలోమీటర్లు ప్రయోగశాల లెక్క. రోడ్డు మీద అంత రాకపోయినా, ఆ డీజిల్ ఇంజను చాలా పొదుపైనదే. అరకు, పాడేరు ఘాట్ రోడ్లలో నలుగురితో, సామానుతో ఎక్కేటప్పుడు 200 న్యూటన్ మీటర్ల టార్క్ (లాగే బలం) తక్కువ వేగంలోనే అందుతుంది కాబట్టి మాటిమాటికీ గేరు తగ్గించాల్సిన పని ఉండదు. శబ్దం కొంచెం ఎక్కువ అన్నది నిజమే, వెనుక కూర్చున్నవారికి కూడా అది వినిపిస్తుంది. నా మట్టుకు నేను డీజిల్‌నే మెచ్చుకుంటాను, ఎందుకంటే నా ఉద్యోగంలో వారానికి రెండుసార్లు శ్రీకాకుళం వెళ్లి రావాలి.

ఉక్కునగరం పాతకాపు:

మర్రిపాలెం గారి వాడకానికి డీజిల్ సరైనదే, అందులో నాకు సందేహం లేదు. కానీ ప్రశ్న అడిగినవారి కారు వారమంతా నాలుగైదు కిలోమీటర్ల దూరాలే తిరుగుతుంది. ఇంజను పూర్తిగా వేడెక్కే లోపే ఆపేసే వాడకం డీజిల్‌కు మంచిది కాదు. పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజనులోకి పంపే ఈజీఆర్ వాల్వులో మసి పేరుకుంటుంది. టర్బో, ఇంజెక్టర్లు మరమ్మతుకు వస్తే మిగిలిన ఇంధనం డబ్బంతా ఒక్కసారిగా అక్కడే ఖర్చవుతుంది. ఐదో తరం డీజిల్ అయితే పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టరు కూడా ఉంటుంది, దానికి హైవే మీద క్రమం తప్పకుండా పరుగు ఉండాలి. నెలకు ఒక పార్వతీపురం ప్రయాణం కోసం డీజిల్ కొనడం నాకు సబబుగా అనిపించడం లేదు.

పెట్రోలు విషయంలో ఇంకో మాట. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 2009 జనవరి నుంచి తయారైన తమ కార్లలోని భాగాలు దానికి తట్టుకుంటాయని హోండా ప్రకటించింది. మైలేజీ కొద్దిగా తగ్గవచ్చు గానీ, నాలుగో తరం కారు కొనేవారు రబ్బరు పైపుల గురించి కంగారు పడనక్కర్లేదు. 2005 నాటి కారు కొనేవారు మాత్రం ఆలోచించుకోవాలి.

భద్రత గురించి అడగకపోయినా చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను. 2022లో కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ నాలుగో తరం సిటీని పరీక్షించి పెద్దల రక్షణకు 4, పిల్లల రక్షణకు 4 స్టార్లు ఇచ్చింది. అయితే మొదట్లో వచ్చిన తక్కువ ధర వేరియంట్లలో ఎయిర్‌బ్యాగులు ఉన్నాయో లేదో స్టీరింగ్ మీద, ఎడమ వైపు డాష్‌బోర్డు మీద ఉన్న గుర్తు చూసి స్వయంగా నిర్ధారించుకోండి.

డాక్‌యార్డ్ రోడ్డు:

ఢిల్లీ కారు గురించి రెండు విషయాలు. ఢిల్లీ పరిసరాల్లో 10 ఏళ్లు దాటిన డీజిల్, 15 ఏళ్లు దాటిన పెట్రోలు కార్లపై ఆంక్షలు వచ్చాక అక్కడి కార్లు దక్షిణాదికి ఎక్కువగా వస్తున్నాయి. సముద్రం లేని ఊరిది కాబట్టి బాడీకి తుప్పు తక్కువగా ఉంటుందన్నది నిజం. కానీ ఆ కారును మీ పేరు మీదకు మార్చుకోవాలంటే అక్కడి రవాణా కార్యాలయం నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తేవాలి, ఇక్కడ కారు వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టాలి, కొత్త నంబరు తీసుకోవాలి. ఎన్‌ఓసీ చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వవద్దు. ‘తర్వాత పంపిస్తాను’ అన్న మాట మీద కొన్న మా బంధువు ఒకరు ఆ కాగితం కోసం చాలా కాలం తిరగవలసి వచ్చింది.

అదీగాక 2012 నాటి కారుకు 2027లో 15 ఏళ్లు నిండుతాయి. అప్పుడు ఫిట్‌నెస్ పరీక్ష చేయించి రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లకు పునరుద్ధరించుకోవాలి. 2015 నాటి కారుకు ఆ అవసరం 2030 దాకా రాదు.

కారు మాత్రం మంచిదే. మూడో తరంలో ఉన్నది సీవీటీ కాదు, టార్క్ కన్వర్టర్ (ఆయిలు ద్వారా ఇంజను శక్తిని గేర్లకు అందించే పరికరం) ఉన్న మామూలు ఐదు గేర్ల ఆటోమేటిక్. సరిగ్గా ఆయిలు మారిస్తే చాలా కాలం మన్నుతుంది. నాలుగో తరం పెట్రోలులో మళ్లీ సీవీటీ వచ్చింది గానీ, దానికి పాత స్టార్ట్ క్లచ్ బదులు టార్క్ కన్వర్టర్ ఉంది కాబట్టి కదిలేటప్పుడు వణుకు వచ్చే సమస్య లేదు.

సింహగిరి వీటెక్:

మూడో తరం కారు ఎవరు చూస్తున్నా ఎయిర్‌బ్యాగు సంగతి మరిచిపోవద్దు. రెండో, మూడో తరం సిటీల్లో చాలావాటికి తకాటా కంపెనీ ఇన్‌ఫ్లేటర్లు (ఎయిర్‌బ్యాగును ఉబ్బించే పరికరాలు) ఉన్నాయి. వాటిలోని అమ్మోనియం నైట్రేట్ వేడికి, గాలిలోని తేమకు కాలక్రమేణా పాడై, ఎయిర్‌బ్యాగు తెరుచుకునేటప్పుడు లోహపు డబ్బా పగిలి ముక్కలు మనిషి మీదకు దూసుకొచ్చే ప్రమాదం ఉంది. ఏడాది పొడవునా తేమ ఉండే మన ఊరిలాంటి వాతావరణమే దానికి అన్నిటికంటే చెడ్డది. కారు ఛాసీ నంబరును కంపెనీ వెబ్‌సైట్‌లో నమోదు చేస్తే ఆ మార్పిడి బాకీ ఉందో లేదో తెలుస్తుంది. బాకీ ఉంటే కంపెనీ ఉచితంగా మారుస్తుంది. ఎంత పాత కారైనా, ఎన్నో యజమాని అయినా సరే ఇది చేయించుకోవాలి.

లాసన్స్‌బే నివాసి:

నిన్న ఉక్కునగరం వెళ్లి పెట్రోలు కారు చూశాం. నాన్నగారు వెనుక సీట్లో హాయిగా కూర్చున్నారు, కానీ దిగేటప్పుడు సీటు తక్కువ ఎత్తులో ఉన్నందువల్ల కొంచెం తడబడ్డారు. యజమాని దగ్గర సర్వీసు పుస్తకం మొదటి నుంచీ ఉంది. అయస్కాంతంతో తలుపులు చూశాను, అన్ని చోట్లా పట్టుకుంది. ఇంజను నిలకడగా ఉన్నప్పుడు స్టీరింగ్‌లో చిన్న కంపనం తెలిసింది. ఏసీ వేస్తే అది ఎక్కువైంది. నలుగురం ఎక్కి స్పీడ్ బ్రేకరు దాటినప్పుడు అడుగు ఒకసారి తగిలింది. ఈ రెండూ పెద్ద లోపాలా?

ఆటోనగర్ గాజువాక:

రెండోది లోపం కాదు, సిటీ నేలకు దగ్గరగా కూర్చునే కారు. నలుగురు ఎక్కి డిక్కీలో సామాను ఉన్నప్పుడు ఎత్తైన స్పీడ్ బ్రేకర్లను ఏటవాలుగా, ఒక్కో చక్రాన్ని ఎక్కిస్తూ దాటాలి. వెనుక స్ప్రింగులు కుంగి ఉన్నా అడుగు ఎక్కువగా తగులుతుంది కాబట్టి, ఖాళీ కారులో రెండు వెనుక చక్రాలకూ ఫెండర్‌కూ మధ్య ఖాళీ సమానంగా ఉందో లేదో బెత్తెడుతో కొలిచి చూడండి.

ఏసీ వేసినప్పుడు పెరిగే కంపనం చాలా వరకు ఇంజనును బాడీకి పట్టి ఉంచే రబ్బరు మౌంట్ల వల్ల వస్తుంది. ఆ రబ్బరు వయసు మీద గట్టిపడుతుంది. మౌంట్లు మార్చడం పెద్ద పని కాదు, కానీ ఆ ఖర్చు మీరు ధరలో తగ్గించుకోవాలి. మౌంట్లు మార్చినా కంపనం తగ్గకపోతే ఇంజనులోకి వెళ్లే గాలిని నియంత్రించే థ్రాటిల్ బాడీ శుభ్రం చేయించి, వాల్వ్ క్లియరెన్స్ చూపించండి. సిటీ పెట్రోలు ఇంజన్లలో వాల్వుల సందును చేత్తో సరిచేయాల్సి ఉంటుంది, ఆ పని చాలామంది ఎన్నేళ్లయినా చేయించరు.

ఉక్కునగరం కార్ల మీద ఎర్రటి, నల్లటి దుమ్ము పడుతుంది గానీ, బీచ్ రోడ్డు కార్లతో పోలిస్తే రేకులు మెరుగ్గా ఉంటాయి. అయితే మీరు దాన్ని ఇప్పుడు లాసన్స్‌బేకు తీసుకెళ్తున్నారు కాబట్టి, కొన్న వెంటనే అడుగు భాగానికి యాంటీ రస్ట్ కోటింగ్ వేయించండి. తుప్పు మీద నేరుగా వేస్తే అది లోపల దాక్కుని ఇంకా పెరుగుతుంది, అందుకే ముందు బాగా కడిగి, ఆరబెట్టి, గోకి ఆ తర్వాతే వేయాలి. తలుపుల అడుగున నీళ్లు పోయే చిన్న రంధ్రాలు ఉంటాయి. వాటిని కోటింగ్‌తో మూసేయకుండా చూడమని పనివాడికి గట్టిగా చెప్పండి. వారానికి ఒకసారి మంచినీటితో చక్రాల గూళ్ల లోపల కడిగితే చాలు.

డాక్‌యార్డ్ రోడ్డు:

కాగితాల విషయం కూడా ఇక్కడే చెప్పేస్తాను. అదే రాష్ట్రంలోని కారు కాబట్టి ఫారం 29, ఫారం 30 మీద ఇద్దరి సంతకాలు కావాలి. ఆర్‌సీలో ఏ బ్యాంకు పేరైనా ఉంటే, అప్పు తీరినట్లు ఆ బ్యాంకు నుంచి ఫారం 35, ఎన్‌ఓసీ తీసుకోవాలి. అప్పు ఎప్పుడో తీరిపోయిందని యజమాని చెప్పినా ఆర్‌సీలో పేరు తొలగించకపోతే బదిలీ జరగదు. పెండింగ్ చలాన్లు ఉన్నాయేమో బండి నంబరుతో ఆన్‌లైన్‌లో చూడండి. ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర పాత క్లెయిముల వివరాలు కూడా యజమాని చేతే అడిగించండి. సర్వీసు పుస్తకంలో కనిపించని ప్రమాదాలు అక్కడ కనిపిస్తాయి. మీటరు తిప్పారన్న అనుమానం ఉంటే ప్రతి సర్వీసు బిల్లు మీద రాసిన కిలోమీటర్లను వరుసగా పోల్చి చూడండి.

మర్రిపాలెం:

నేను డీజిల్ పక్షమే అయినా, ఈ కారు వివరాలు చదివాక మీకు ఇదే సరిపోతుందని ఒప్పుకుంటున్నాను. మీ నాన్నగారు దిగేటప్పుడు పడిన ఇబ్బందికి, సీటు మీద గట్టి ఫోము దిండు ఒకటి వేసి చూడండి. ముందు కుర్చీని కాస్త ముందుకు జరిపితే రెండు కాళ్లూ ఒకేసారి బయటకు తిప్పి దిగడానికి చోటు వస్తుంది, మా ఇంట్లో పెద్దవారు అలాగే దిగుతారు.

లాసన్స్‌బే నివాసి:

అందరికీ కృతజ్ఞతలు. యజమానితో మాట్లాడాను. మౌంట్ల ఖర్చు ధరలో తగ్గించడానికి, కారును ఒకసారి గాజువాకలో చూపించడానికి ఆయన ఒప్పుకున్నారు. ఆటోనగర్ గారూ, శనివారం ఉదయం తీసుకురావచ్చా?

ఆటోనగర్ గాజువాక:

తప్పకుండా తీసుకురండి. ముందు రోజు రాత్రి నుంచి ఇంజను ఆపి ఉంచమని యజమానికి చెప్పండి, ఉదయం మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు మీరు పక్కనే ఉండి శబ్దాన్ని, సైలెన్సర్ పొగ రంగును గమనించండి. నీలం పొగ వస్తే ఇంజను ఆయిలు మండుతున్నట్లు, అప్పుడు ఇక్కడి దాకా రావాల్సిన పనే లేదు. పొగ లేకపోతే నేరుగా వచ్చేయండి, పక్క షెడ్డులో లిఫ్ట్ ఉంది, అడుగంతా దీపం పెట్టి చూద్దాం. వచ్చేటప్పుడు కారు కడిగించవద్దు. ఆయిలు కారుతున్న చోట్లు దుమ్ముతో కలిసి ఉంటేనే స్పష్టంగా కనిపిస్తాయి.